నందిని డీలక్స్: పాలప్యాకెట్టు మీది పేరే భోజన హోటలు బోర్డు మీద

బెంగళూరులో కాపురమున్న తెలుగువాళ్ళ ఇళ్ళలో తెల్లవారేది నందిని పేరుతోనే. గుమ్మానికి తగిలించిన సంచిలో పడే పాలప్యాకెట్టు మీద ఆ పేరు ఉంటుంది. మధ్యాహ్నం ఆంధ్రా భోజనానికి బయలుదేరితే హోటలు బోర్డు మీద మళ్ళీ అదే పేరు కనబడుతుంది. మొదటిది కర్ణాటక పాడి రైతుల సహకార సమాఖ్యది, రెండోది నందిని డీలక్స్ హోటళ్ళది. పేరు కలవడం తప్ప ఈ రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. 14 ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ, ఆ పాలే తాగుతూ, నెలకొకసారైనా ఈ హోటల్లో ఆకు ముందు కూర్చునే మనిషిగా, ఇక్కడి భోజనం గురించి ఎంత చెప్పాలని ఉందో ఆ పేరు గురించి అంతకంటే ఎక్కువ చెప్పాలని ఉంది. ఎందుకంటే ఆ పేరు తమదేనని నమోదు చేయించుకోవడానికి హోటలువారు సుప్రీంకోర్టు దాకా వెళ్ళవలసి వచ్చింది. అక్కడ వచ్చిన తీర్పు మన ఊళ్ళలో పచ్చళ్ళూ పొడులూ మిఠాయిలూ అమ్ముకుని బతికే చిన్న వ్యాపారులందరికీ అక్కరకొచ్చేది.

పోయిన నెల మా పిన్నీ బాబాయీ తెనాలి నుంచి వచ్చినప్పుడు వాళ్ళను ఇక్కడికి తీసుకువెళ్ళాను. పిన్ని 20 ఏళ్ళకు పైగా ఇంట్లోనే ఆవకాయ, గోంగూర, కందిపొడి చేసి అమ్ముతోంది. వేరొకరి వంట తినేటప్పుడు కూడా ఆవిడ తన పనిలోనే ఉంటుంది. ఆటో దిగి బోర్డు వైపు చూడగానే "ఏరా, ఇది పొద్దున్న పాలవాళ్ళదేనా?" అని అడిగింది. నేను నోరు విప్పేలోగా ఎవరో తలుపు తెరిచారు. లోపలి నుంచి పచ్చిమిరపకాయల ఘాటూ, వేపుడు వాసనా ఒక్కసారి వచ్చి తగిలాయి. "కాదులే, పాలవాళ్ళు కోడివేపుళ్ళెందుకు పెడతారు" అని తనకు తానే జవాబు చెప్పుకుంటూ లోపలికి నడిచింది. పేరు వినగానే ఇంకొకటి గుర్తుకు రావడం, వస్తువును చూడగానే ఆ రెండూ వేరని తెలిసిపోవడం, ఈ రెండింటికీ మధ్య ఆవిడకు పట్టింది నాలుగు అడుగుల సమయం. ఏళ్ళ తరబడి న్యాయస్థానాల్లో నలిగిన ప్రశ్న సరిగ్గా ఆ నాలుగు అడుగులదే.

ముందు భోజనం సంగతి చెప్పి ఆ ప్రశ్న దగ్గరకు వస్తాను. అరిటాకు పరిచి నీళ్ళు చల్లుకున్నాక వడ్డన మొదలవుతుంది. వేడన్నంలో పొడి, దాని మీద నెయ్యి, ఆ తరువాత పప్పు, కూర, పచ్చడి, చారు, చివరకు పెరుగు వచ్చే ఈ వరస బెంగళూరులో ఆంధ్రా భోజనం అనే మాటకు పర్యాయంగా స్థిరపడిపోయింది. ఆ స్థిరపడడంలో ఈ హోటలు పాత్ర చిన్నది కాదు. పిన్ని పొడిని మొదట అన్నంలో కలపలేదు; బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, వాసన చూసి, నాలుక చివర వేసుకుని, వేయింపు కుదిరిందని తల ఊపింది. ఆవిడ నోటి వెంట ఆ మాట రావడం ఎంత అరుదో మా ఇంట్లోవాళ్ళకు తెలుసు. బాబాయి పప్పును మారు అడిగారు. నేను ఎప్పటిలాగే పచ్చిమిరపకాయలతో చేసే చిల్లీ చికెన్ తెప్పించుకున్నాను. మన ఊళ్ళ హోటళ్ళలో ఆ పేరుతో దొరికే ఎర్రటి వంటకం వేరు, బెంగళూరు ఆంధ్రా హోటళ్ళు తయారు చేసుకున్న ఈ ఆకుపచ్చ వంటకం వేరు. దీన్ని తినడానికైనా ఒకసారి ఇటువైపు రావాలని నా అభిప్రాయం. కారం తక్కువ తినేవారు పొడి, నెయ్యి, పప్పు దగ్గరే ఎక్కువసేపు ఉండిపోవడం మంచిది. అక్కడ లోటేమీ ఉండదు.

ఇక పేరు. సమాఖ్య పాలకూ పాల పదార్థాలకూ నందిని అనే గుర్తును 1985లో వాడడం మొదలుపెట్టింది. హోటలు అదే పేరుతో 1989లో మొదలైంది. హోటలువారు తమ ఆహార పదార్థాలకు ఆ పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకోవడానికి దరఖాస్తులు పెట్టినప్పుడు సమాఖ్య అభ్యంతరం తెలిపింది. 2007లో ట్రేడ్‌మార్కుల డిప్యూటీ రిజిస్ట్రారు ఆ అభ్యంతరాన్ని తోసిపుచ్చి నమోదుకు అనుమతి ఇచ్చారు. సమాఖ్య అప్పీలుకు వెళ్ళగా మేధోసంపత్తి అప్పీళ్ళ బోర్డు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. 2014లో కర్ణాటక హైకోర్టు బోర్డు వైపే నిలబడింది. చివరకు 2018 జూలై 26న జస్టిస్ ఎ.కె. సిక్రి, జస్టిస్ అశోక్ భూషణ్‌లతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనం బోర్డు, హైకోర్టుల నిర్ణయాలను కొట్టివేసి డిప్యూటీ రిజిస్ట్రారు ఇచ్చిన ఉత్తర్వును నిలబెట్టింది. మొదటి అధికారి చెప్పిన మాటకే తిరిగి చేరుకోవడానికి 11 ఏళ్ళు పట్టింది.

అప్పీళ్ళ బోర్డు దృష్టిలో ఈ రెండు పేర్లకూ ఉన్న తేడా ఇంగ్లీషు వ్రాతలో ఒక్క హెచ్ అక్షరమే. సమాఖ్య పేరులో అది లేదు, హోటలు పేరులో 'డి' తరువాత ఉంది. తెలుగు చదివేవారికి ఈ వాదనలోని చిక్కు వెంటనే తెలుస్తుంది. మన లిపిలో రాస్తే రెండూ నందినే. పలికినా నందినే. దక్షిణాదిలో మనం దకారాన్ని ఇంగ్లీషులో రాయవలసి వచ్చినప్పుడు కొందరం 'డి' ఒక్కటే వేస్తాం, కొందరం పక్కన హెచ్ చేరుస్తాం. ఒకే ఇంట్లో అన్నదమ్ముల పాస్‌పోర్టుల్లో ఒకే పేరు రెండు రకాలుగా ఉండడం మనకు కొత్త కాదు. కనుక ఆ హెచ్ అక్షరం కొనుగోలుదారును మోసగించడానికి చేసిన మార్పూ కాదు, రెండు పేర్లనూ వేరు చేయగల గట్టి గోడా కాదు. న్యాయం ఆ అక్షరం మీద ఆధారపడి ఉంటే హోటలు ఓడిపోయేది. సుప్రీంకోర్టు చూపు అక్షరాన్ని దాటి హోటలు బోర్డు మొత్తం మీదికీ, ఆ బోర్డు కింద అమ్మే సరుకు మీదికీ వెళ్ళింది.

తీర్పులో ఆ రెండు గుర్తుల వర్ణన చదువుతుంటే న్యాయమూర్తులు ఒక చేత్తో పాలప్యాకెట్టునూ మరొక చేత్తో హోటలు గుర్తునూ పట్టుకుని చూసినట్టే ఉంటుంది. సమాఖ్య గుర్తులో పేరు కింద ఆవు బొమ్మ ఉంది, చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో గీత ఉంది. హోటలు గుర్తులో జ్వాలతో కూడిన దీపం ఉంది, నందిని తరువాత డీలక్స్ అనే మాట ఉంది, కింద 'ద రియల్ స్పైస్ ఆఫ్ లైఫ్' అనే నినాదం ఉంది. ఒకరు పాలు, పాల పదార్థాలు అమ్ముతారు. మరొకరు హోటళ్ళు నడుపుతారు. సాధారణ తెలివితేటలున్న మామూలు మనిషి ఒకరి సరుకును మరొకరిదని అనుకుంటాడని ఊహించడం కష్టమని ధర్మాసనం తేల్చింది. మా పిన్ని తెనాలిలో చదువుకున్నది పదో తరగతి వరకే. గుమ్మం దగ్గర వాసన తగిలినప్పుడు ఆవిడకు కలిగిన తీర్మానమూ ఇదే.

ధర్మాసనం చెప్పిన మరో మాట నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. నందిని ఎవరో కొత్తగా పుట్టించిన పదం కాదు. అది దేవత పేరు, పురాణాలలోని ఆవు పేరు. వసిష్ఠుల ఆశ్రమంలో దిలీపుడు వెంట నడిచి కాపాడిన ధేనువు కథ విన్న ఇళ్ళలో ఆడపిల్లలకు ఈ పేరు పెట్టుకుంటూనే ఉన్నారు. కెమెరాల కంపెనీ పేరు కొడాక్ లాంటి మాటను ఒక వ్యాపారి గాలిలోంచి సృష్టించుకున్నప్పుడు, మరొకరు అదే మాటను వాడడానికి నిజాయితీ గల కారణం దొరకడం కష్టం. కనుక దాని చుట్టూ కంచె ఎంత దూరం వేసినా పెద్దగా నష్టపోయేవారు ఉండరు. ఊరందరి నోళ్ళలో నానే దేవతల పేర్లు, నదుల పేర్లు, అమ్మమ్మల పేర్లు అలాంటివి కావు. వాటిని తమ సరుకుకు గుర్తుగా తెచ్చుకున్నవారు ఆ సరుకు మేరకే హక్కుదారులు కావాలి. పాలకు నందిని అని పేరు పెట్టుకున్నవారు ఆ పేరు మీద పాల వరకు ఎంత గట్టిగా నిలబడినా నేను వారి పక్షమే. కోడికూర దాకా వస్తే మాత్రం అది రక్షణ కాదు, ఆక్రమణ.

సమాఖ్య వాదనకు బలంగా నిలిచిన అంశం వర్గీకరణ. ట్రేడ్‌మార్కుల నమోదుకు లోకంలోని సరుకులనూ సేవలనూ 45 తరగతులుగా విభజించారు. అందులో 34 సరుకులకు, 11 సేవలకు. 29వ తరగతిని తెరిచి చూస్తే పాలు, మాంసం, చేపలు, గుడ్లు, వంటనూనెలు, ఊరగాయలు అన్నీ పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. కాఫీ, టీ, బియ్యం, పిండి, మసాలాలు 30వ తరగతిలో ఉంటాయి. హోటలు నడపడం 43వ తరగతి. మా పిన్ని ఆవకాయ ఈ లెక్కన పాలప్యాకెట్టుతో ఒకే అరలో ఉంటుంది; ఆవిడ కందిపొడి మాత్రం పక్క అరలోకి పోతుంది. కార్యాలయంలో కాగితాలు వెతుక్కోవడానికి చేసుకున్న ఏర్పాటు ఇది. అర ఒకటే కాబట్టి అందులోని సరుకంతా తమదేనని ఒకరు అంటే, కిరాణా కొట్టులో పెసరపప్పు డబ్బా కొన్నవారు ఆ వరసలోని డబ్బాలన్నీ ఇంటికి పట్టుకుపోతామన్నట్టు ఉంటుంది.

ఈ విషయంలో సుప్రీంకోర్టు ఆధారం చేసుకున్న పాత తీర్పు మన హైదరాబాదుదే. వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ చార్మినార్ సిగరెట్లు తయారు చేసేది. చార్మినార్ అనే గుర్తును మాత్రం తయారైన పొగాకు సరుకులన్నిటికీ వర్తించేలా నమోదు చేయించుకుంది. విష్ణుదాస్ అనే వ్యాపారి అదే పేరుతో పాన్‌లో వేసుకునే పొగాకు సరుకులైన కిమామూ జర్దా అమ్మేవారు. కంపెనీ ఏనాడూ కిమాము గానీ జర్దా గానీ చేయలేదు. 1996లో సుప్రీంకోర్టు కంపెనీ హక్కును సిగరెట్ల వరకే పరిమితం చేయడం సబబేనని తేల్చింది. ఒక తరగతిలో ఒకటి రెండు సరుకులు మాత్రమే అమ్మేవారు, ఎప్పుడూ అమ్మని మిగతా సరుకుల మీద కూడా గుత్తాధిపత్యం పెట్టుకుని కూర్చోకూడదన్నది ఆ తీర్పు సారాంశం. చార్మినార్ బొమ్మను హైదరాబాదులో ఎన్ని వందల దుకాణాలు పెట్టుకున్నాయో తలుచుకుంటే ఆ తీర్పు విలువ తెలుస్తుంది. 22 ఏళ్ళ తరువాత అదే తీర్పు బెంగళూరులోని ఆంధ్రా హోటలుకు అండగా నిలబడింది.

ఇంతవరకు రాసింది చదివి సమాఖ్య మీద నాకేదో కోపం ఉందని ఎవరూ అనుకోవద్దు. ఆ పేరు వెనుక లక్షలాది పాడి రైతుల కష్టం ఉంది, దాన్ని కాపాడుకోవలసిన బాధ్యత వారికి ఉంది. నందిని పేరుతో కల్తీ నెయ్యి ప్యాకెట్లు తయారు చేసినవారిని కర్ణాటకలో పోలీసులు పట్టుకున్న సందర్భాలున్నాయి. ఆ ముఠాల మీద ఎంత కఠినంగా ఉన్నా తప్పులేదు, ఎందుకంటే అక్కడ మోసపోయేది కొనుక్కున్న మనిషి, పోయేది ఆరోగ్యం. 2024 ఆగస్టులో తిరుమల లడ్డూ ప్రసాదానికి సమాఖ్య మళ్ళీ నెయ్యి సరఫరా మొదలుపెట్టింది. దారిలో నెయ్యి తారుమారు కాకుండా ఆ ట్యాంకర్లకు జీపీఎస్ పరికరాలూ ఎలక్ట్రానిక్ తాళాలూ బిగించారు. పేరును కాపాడుకోవడమంటే నా దృష్టిలో ఇదే: ఆ పేరు చూసి కొన్నవాడి చేతికి ఆ సరుకే అందేలా చూడడం. తిరుమల లడ్డూకు 2009లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మనందరం సంతోషించింది కూడా ఆ పేర్లు ఎవరికి చెందాలో వారికే చెందుతాయనే కదా.

నందిని తీర్పులో కూడా ఈ న్యాయం కనిపిస్తుంది. పాలకూ పాల పదార్థాలకూ ఆ పేరు మీద తమకు హక్కు వద్దని హోటలువారు ఒప్పుకున్నారు. ఆ మేరకు నమోదు ఇవ్వకూడదని కోర్టు స్పష్టం చేసింది. అంటే ఆకులో పెరుగు వడ్డించవచ్చు గానీ, అదే పేరుతో పెరుగు ప్యాకెట్టు చేసి అంగడిలో పెట్టడానికి వారికి నమోదు హక్కు లేదు. కొనేవాడు నిజంగా తికమకపడగల చోటు అదొక్కటే. గీత సరిగ్గా అక్కడే పడింది.

ఆకు మీద చారన్నం దగ్గరకు వచ్చేసరికి ఈ కథంతా పిన్నికి చెప్పాను. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నాకూ తెలుసు, బాబాయికీ తెలుసు.

ఆ పచ్చళ్ళ వ్యాపారం మొదలుపెట్టింది మా అమ్మమ్మ. సీసాల మీద పేరు కూడా అమ్మమ్మదే, అది ఒక దేవత పేరు కూడా. రెండేళ్ళ క్రితం బంధువుల పిల్లాడొకడు సలహా ఇస్తే పిన్ని ఆ పేరును నమోదు చేయించుకోవడానికి దరఖాస్తు పెట్టింది. దరఖాస్తు ట్రేడ్‌మార్కుల కార్యాలయం వారి అధికారిక పత్రికలో ప్రచురితమైన తరువాత నాలుగు నెలల్లోగా ఎవరైనా అభ్యంతరం తెలపవచ్చు. ఒక పెద్ద ఆహార కంపెనీ తెలిపింది. ఆ కంపెనీ పచ్చళ్ళు చేయదు, పొడులు చేయదు. వేరే సరుకుకు ఆ దేవత పేరుతో మొదలయ్యే ఒక గుర్తు దానికి ఉంది, అంతే. అభ్యంతరంతో పాటు లాయరు నోటీసు కూడా వచ్చింది. ఏడు రోజుల్లో పేరు వాడకం ఆపాలి, ఉన్న లేబుళ్ళన్నీ అప్పగించాలి, ఇన్నాళ్ళ అమ్మకాల లెక్క చూపించాలి, నష్టపరిహారం కట్టాలి. ఇంగ్లీషులో ముప్పైకి పైగా పేజీలు. పిన్ని ఆ కాగితాలను దేవుడి గూట్లో పెట్టి, ఎవరికీ చెప్పకుండా, గుండె దడతో వారం రోజులు గడిపింది.

ఆ వారం తరువాత నేను తెనాలి వెళ్ళాను. దొడ్లో ఇత్తడి గంగాళం నిండా వేడినీళ్ళు పోసి, అందులో సీసాలు ముంచి, లేబులు నానాక అట్లకాడతో గీకుతోంది. అప్పటికి మూడు వందల సీసాలు అయ్యాయట. నానిన కాగితం మీద అమ్మమ్మ పేరు ముక్కలు ముక్కలుగా ఊడి నీళ్ళలో తేలుతోంది. "పోనీలేరా, పేరులో ఏముంది, ఆవకాయ అదేగా" అంది గానీ తలెత్తి చూడలేదు. అభ్యంతరం నోటీసు అందిన రెండు నెలల్లోగా ప్రతివాదన దాఖలు చేయకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే చట్టం భావిస్తుంది. ఆ సంగతి మాకు ఎవరికీ తెలియదు. తెలిసేనాటికి గడువు దాటిపోయింది. ఎవరూ ఆవిడ వాదన తప్పని చెప్పలేదు, ఏ అధికారీ ఆ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూడలేదు. భయపడినందుకు ఓడిపోయింది. అప్పటి నుంచి ఆ సీసాల మీద ఊరి పేరు, ఇంటి చిరునామా, ఆహార లైసెన్సు నంబరు ఉన్నాయి. బ్రాండు పేరు లేదు.

చట్టం చిన్నవాళ్ళను పూర్తిగా గాలికి వదిలేసిందనడం సరికాదు. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టంలో 34వ సెక్షను, నమోదుదారు కంటే ముందు నుంచి ఎడతెగకుండా ఒక పేరు వాడుతున్నవారి వాడకానికి అడ్డు రాకూడదంటుంది. 35వ సెక్షను, తన సొంత పేరునో, వ్యాపారంలో తన పూర్వీకుల పేరునో నిజాయితీగా వాడుకునేవారిని కాపాడుతుంది. అమ్మమ్మ పేరు పెట్టుకున్న మనవరాళ్ళకూ కూతుళ్ళకూ వాదించుకోవడానికి అక్కడ చోటుంది. 142వ సెక్షనైతే ఆధారం లేకుండా ట్రేడ్‌మార్కు పేరు చెప్పి బెదిరించేవారి మీద బాధితులే కోర్టుకు వెళ్ళి, ఆ బెదిరింపులను ఆపించి, నష్టపరిహారం అడగవచ్చంటుంది. అయితే ఈ సెక్షన్ల సంగతి నోటీసు పంపినవారికి తెలిసినంతగా అందుకున్నవారికి తెలియదు. ఆన్‌లైన్‌లో ఒక అభ్యంతరం దాఖలు చేయడానికి తరగతికి 2,700 రూపాయల రుసుము. పెద్ద సంస్థకు అది లెక్కలోకి రాని సొమ్ము. ఎదుటివైపు లాయరు ఖర్చు, ప్రయాణాలు, ఏళ్ళ తరబడి నిరీక్షణ ఉంటాయి. రెండు తెలుగు రాష్ట్రాల దరఖాస్తులూ చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. తెనాలిలో పచ్చడి కలిపే మనిషికి ఆ దూరమే సగం ఓటమి.

కంపెనీల తరఫు లాయర్లు చెప్పే మాటలోనూ కొంత నిజం ఉంది. అదే చట్టంలోని 33వ సెక్షను ప్రకారం, తన గుర్తును పోలిన నమోదిత గుర్తు వాడకంలో ఉందని తెలిసి కూడా ఐదేళ్ళపాటు ఊరుకున్నవారు, ఆ రెండోవారు చెడు బుద్ధితో నమోదు చేయించుకుంటే తప్ప, తరువాత దానిని ఆపలేరు. అందుకని కనబడిన ప్రతి పేరు మీదా ముందే ఒక అభ్యంతరం పడేస్తే మంచిదని వారు సలహా ఇస్తారు. మెలకువగా ఉండడం తప్పని నేను అనను. కానీ దరఖాస్తు పత్రికలో వచ్చిన తరువాత నాలుగు నెలల వ్యవధి ఉంటుంది. అందులో మొదటి నెలలో, మీరు ఏం అమ్ముతారు, ఎప్పటి నుంచి అమ్ముతున్నారు, లేబులు ఒకసారి చూపించండి అని తెలుగులో ఒక ఉత్తరం రాస్తే ఎన్ని తగాదాలు మొదలు కాకుండానే ముగుస్తాయో. మా పిన్నికి అలాంటి ఉత్తరం వచ్చి ఉంటే లేబులుతో పాటు ఒక సీసా ఆవకాయ కూడా పంపి ఉండేది.

అతిగా సాగదీసిన హక్కు కోర్టులో నిలబడకపోవడం ఇదొక్కచోటే జరగలేదు. కోల్‌కతాలోని ఐటీసీ సోనార్ హోటల్లో డార్జిలింగ్ లౌంజ్ అనే ఒక విడిది ఉండేది. డార్జిలింగ్ అనే పేరు మీద భౌగోళిక గుర్తింపు టీ బోర్డుది కనుక ఆ విడిదికి ఆ పేరు ఉండకూడదని బోర్డు దావా వేసింది. 2019 ఫిబ్రవరిలో కలకత్తా హైకోర్టు ఆ దావాను కొట్టివేసింది. బోర్డు హక్కు తేయాకు మీదిది, కొండ మీది ఊరి పేరు మొత్తం మీదిది కాదు. ఎక్కడో పండిన ఆకును డార్జిలింగ్ టీ అని అమ్మేవాడి వెంట పడవలసిన శ్రమను, అతిథులు కూర్చునే గది పేరు మీద ఖర్చు పెట్టడం నాకు విచారంగానే అనిపించింది. ఐటీసీ పెద్ద కంపెనీ కాబట్టి తట్టుకుంది. అదే పేరుతో చిన్న టిఫిను గది నడిపేవాడైతే నోటీసు అందిన రోజే బోర్డు పీకేసి ఉండేవాడు.

అందుకే నందిని డీలక్స్ బోర్డు కిందికి వెళ్ళిన ప్రతిసారీ నాకు కొంచెం ధైర్యంగా ఉంటుంది. అన్ని మెట్లు ఎక్కి దిగగలిగిన స్తోమత ఆ సంస్థకు ఉంది, ఉండబట్టే మనకు ఈ తీర్పు దక్కింది. ఆంధ్రా భోజనం కోసం బెంగళూరులో ఎక్కడికి వెళ్ళాలని అడిగేవారికి నేను దీని పేరు చెబుతాను. పప్పు, పొడి, నెయ్యి, పచ్చిమిరపకాయల చిల్లీ చికెన్, ఈ నాలుగింటి కోసం నిశ్చింతగా వెళ్ళవచ్చు. ఆకలితో వెళ్ళాలి, తీరుబడిగా తినాలి. వేడన్నం మారు వడ్డించేటప్పుడు మొహమాటపడకూడదు.

పెరుగన్నం కలుపుకుంటూ పిన్ని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "ఒకసారి పోయింది కదా, మళ్ళీ పెట్టుకోవచ్చా?" అని అడిగింది. పెట్టుకోవచ్చని చెప్పాను. వదులుకున్నట్టు భావించిన దరఖాస్తు, కొత్త దరఖాస్తుకు అడ్డం కాదు. వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఆన్‌లైన్‌లో తరగతికి 4,500 రూపాయలు. ఆవకాయ, గోంగూర 29వ తరగతిలోకి వస్తాయి, కందిపొడికి 30వ తరగతిలో మరొకటి పెట్టాలి. అమ్మమ్మ కాలం నాటి బిల్లు పుస్తకాలు, పాత లేబుళ్ళు, ఏ సంవత్సరం నుంచి అమ్ముతున్నామో చూపించే కాగితం ముక్క ఏది దొరికినా దాచి ఉంచాలి. ఈసారి ఎవరైనా అభ్యంతరం తెలిపితే రెండు నెలల లెక్క మొదటి రోజు నుంచే చూసుకోవాలి. "అటక మీద ట్రంకు పెట్టెలో మీ అమ్మమ్మ పద్దు పుస్తకాలున్నాయి, ఎలకలు కొట్టకపోతే," అన్నారు బాబాయి. పిన్ని వేళ్ళు మడిచి "రెండూ కలిపి తొమ్మిది వేలు," అని లెక్క చూసుకుంది. ఆకును తనవైపుకు మడిచి, లేచి చెయ్యి కడుక్కొచ్చి, "ఆ తీర్పు కాగితాలు ప్రింటు తీసివ్వరా, ఊరికి పట్టుకెళ్తాను," అంది.

మర్నాడు పొద్దున పాలప్యాకెట్టు వచ్చేవేళకు ఆ కాగితాలు ఆవిడ సంచిలో ఉన్నాయి.